వెస్ట్‌మీడ్‌లో వంతపాట

గ్రేసమ్మ ఆంటీ పోయిన రెండు నెలలకి ఆవిడ మనవరాలు నిత్య అడిలైడ్ నుంచి మా ఇంటికి వచ్చింది. మాసన్ లేక్స్‌లో యూనివర్సిటీకి వెళ్తూ, తీరిక వేళల్లో ఆస్ట్రేలియాలో తెలుగు ర్యాప్ తొలినాళ్ళ గురించి ఒక పాడ్‌కాస్ట్ చేస్తోంది. తెలుగు ర్యాప్‌కి తొలినాళ్ళంటూ ఉన్నాయనీ, అవి పరిశోధనకి పనికొచ్చేంత పాతబడ్డాయనీ నాకు అప్పుడే తెలిసింది. ద పాండ్స్ అనే మా కొత్త కాలనీలో ఇల్లు పట్టుకోవడానికి ఆ అమ్మాయికి అరగంట పట్టింది. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. గుమ్మానికి తోరణం ఉన్న ఇల్లని గుర్తు చెప్పాను, తీరా చూస్తే ప్రతి గుమ్మానికీ ఉంది. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, మైకు బల్ల మీద పెట్టి, లాప్‌టాప్ తెరిచింది. ఆంటీ బీరువాలో డ్యూటీ బూట్ల పెట్టెలో ఒక హ్యాండీక్యామ్ టేపు దొరికిందట. దాని మీద ఆంటీ గుండ్రటి అక్షరాల్లో ‘పిల్లల పాట’ అని ఉందట. ఆ టేపు పాడైపోయిందని ఆంటీ మాకు ఇరవై ఏళ్ళపాటు చెప్పింది.

“అంకుల్, వెనకాల ఎల్లో షర్ట్‌లో ఉన్నది మీరేనా?” అంది నిత్య.

కాదన్నాను. నేనే. సన్నగా, జుట్టుతో, చేతిలో మైకుతో, ఆ మైకుతో ఏం చెయ్యాలో పూర్తిగా తెలియని ముఖంతో ఉన్నాను. నా ముందు అప్పటి నా రూమ్మేటు శేషు. వాడికి నాకంటే ఎక్కువ తెలుసన్నట్టు నిలబడి ఉన్నాడు. తెరలో మూడో వంతు ఆంటీ బొటనవేలు.

“దే ఆర్ లిటరల్లీ టెల్లింగ్ హిమ్ టు గెట్ ఆఫ్,” అంది నిత్య. “నో మోర్, నో మోర్ అంటున్నారు, వినండి. శేషు అంకుల్ జస్ట్ డస్ ద సేమ్ వర్స్ అగెయిన్. రెండుసార్లు. ఇట్స్ సో పంక్.”

“పంక్ కాదమ్మా, ర్యాప్,” అన్నాను.

“సండే వెస్ట్‌మీడ్ వెళ్ళి శేషు అంకుల్‌కి చూపిస్తాను. ఆన్ రికార్డ్. హిజ్ రియాక్షన్.”

అప్పుడు బిస్కెట్టు తీసుకుంది. నేను మాత్రం తినలేకపోయాను. విషయం ఏమిటంటే, ఆ టేపులో జనం ఏమన్నారో ఆంటీకి తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు నిత్యకి కూడా తెలుసు. శేషుకి తెలియదు. వాడికి ఆ రోజు జనం ‘వన్స్ మోర్’ కొట్టారు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, బార్బెక్యూ దగ్గర సాసేజీలు తిరగేస్తూ, వాడు చెప్పే కథ అదొక్కటే. వాడికి ఇల్లు లేదు, నలుగురిలో చెప్పుకునే ఉద్యోగం లేదు, రెండో ఆల్బం లేదు. ఆ రెండు వన్స్ మోర్లు ఉన్నాయి. వాటిని వాడికి ఇచ్చింది జనం కాదు, నేను.

తెనాలి చుట్టుపక్కల పెరగనివాళ్ళకి ఈ వన్స్ మోర్ సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు పౌరాణిక నాటకంలో పద్యం రక్తికడితే జనం వన్స్ మోర్ అంటారు. అన్నాక పాడకుండా కథ ముందుకి నడపడం మర్యాద కాదు. యుద్ధంలో పడిపోయినవాడైనా సరే లేచి, కిరీటం సర్దుకుని, ప్రాణాలు విడిచే పద్యం మళ్ళీ ఎత్తుకుని, రాగం సాగినంతసేపు సాగదీసి, మళ్ళీ పడిపోతాడు. చంపినవాడు పక్కన గద పట్టుకుని ఓపిగ్గా నిలబడతాడు. శేషు వాళ్ళ నాన్న హనుమంతరావుగారు ఈ పడిపోయే వేషాలకి పేరున్న మనిషి. “మా నాన్న ఒకే నాటకంలో మూడుసార్లు చచ్చిపోయాడ్రా” అని శేషు చెప్పుకునేవాడు, మిగతా పిల్లలు మా నాన్నకి కారుంది అని చెప్పుకున్నట్టు. మేము చదువుకోవడానికి ఆస్ట్రేలియా వచ్చేనాటికి ఆయన్ని ఎవరూ వేషానికి పిలవడం లేదు. ఇంట్లో హార్మోనియం మీద గుడ్డ కప్పి, దాని మీద టీవీ రిమోటు పెట్టుకుంటున్నారని వాళ్ళమ్మగారు ఫోనులో చెప్పింది. శేషు ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. వంట నాది కాబట్టి కారణం అది కూడా కావచ్చు.

వెస్ట్‌మీడ్‌లో మాది ఆసుపత్రికి ఎదురు సందులో రెండు పడగ్గదుల ఫ్లాటు. అందులో ఐదుగురం ఉండేవాళ్ళం. అద్దె ఏజెంటు లెక్కలో ఇద్దరం. తనిఖీకి వచ్చినప్పుడల్లా ముగ్గురు లైబ్రరీకి చదువుకోవడానికి వెళ్ళేవారు, ఆ విధంగా మా బ్యాచ్ ఫలితాలు బాగా వచ్చాయి. పోపు వేస్తే పొగ అలారం మోగుతుందని దానికి షవర్ క్యాప్ తొడిగాం. ఆ ఫ్లాటుకి ఒక వాసన ఉండేది: తడిసిన కార్పెట్టు, ఇంగువ, బియ్యం బస్తా గోనె, కిటికీ తీస్తే ఆసుపత్రి లాండ్రీ నుంచి వచ్చే వేడి ఆవిరి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కింది ఫ్లాటులో గ్రేసమ్మ ఆంటీ ఎండుచేపలు వేయించేది. ఆ ఒక్క పూట మిగతా వాసనలన్నీ సెలవు తీసుకునేవి. మాలో ఇద్దరు శాకాహారులు. వాళ్ళు కూడా ఆ పూట కిటికీ మూయమని అడగలేదు.

ఆంటీది గుంటూరు. ఆ ఆసుపత్రిలోనే నర్సు. పై నుంచి చప్పుడైతే చీపురు కర్రతో సీలింగు మీద పొడిచేది, కానీ అన్యాయంగా పొడిచేది కాదు. తన డ్యూటీ చార్టు నకలు మా ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి, తను నిద్రపోయే వేళలకి ఎర్ర గీత గీసిపెట్టింది. ఎర్ర గీతలో మేము నడవడం కూడా మునివేళ్ళ మీదే. మాలో ఎవడికైనా జ్వరమొస్తే ముందు తిట్టేది, తర్వాత చెయ్యి పట్టుకుని నాడి చూసేది, ఆ తర్వాత చారు పంపేది. ఈ వరస ఎప్పుడూ తప్పలేదు. ఆమె అలవాట్లలో మా సాహిత్య చరిత్రకి ముఖ్యమైనది ఫోను. సాయంత్రం వరండాలో కూర్చుని గుంటూరులో చెల్లెలికి ఫోన్ చేసేది. మాట్లాడేదంతా చెల్లెలే. ఆంటీ మధ్యమధ్యలో ‘మరే’ అనేది.

ఈ మాట మా జిల్లాలు దాటితే అంతగా వినపడదు. అవును, అంతే కదా, నేను ముందే చెప్పలా అనే మూడింటికీ కలిపి ఒక మాట. ఆంటీ దాన్ని సరిగ్గా ఊపిరి తీసుకునే చోట పడేసేది. చెల్లెలి గొంతు మాకు వినపడదు కాబట్టి, కింద నుంచి వచ్చేదంతా ఖాళీ, ఖాళీ, మరే. ఖాళీ, ఖాళీ, మరే మరే. శేషు అప్పటికి ఆర్నెల్లుగా తెలుగులో ర్యాప్ కడతానని కాగితాలు ఖరాబు చేస్తున్నాడు. ఒక సాయంత్రం గిన్నె తోముతున్నవాడు తోముతున్నట్టే ఆగిపోయి, “ఒరేయ్, ఆంటీ టైమింగ్ చూడ్రా,” అన్నాడు.

“ఎవరిదో ఆపరేషన్ గురించి మాట్లాడుతోందిరా,” అన్నాను.

“అది కాదు. బీటు. బుర్రకథలో వంతవాడు లేడూ, అది. నాకు వంత కావాలి. నువ్వు అను.”

“ఏమని?”

“మరే అని.”

“మరే,” అన్నాను, అలాగే కానీ అనే అర్థంలో. ఆ విధంగా నా కళాజీవితం మొదలైంది. నన్నే ఎందుకు ఎన్నుకున్నాడని నిత్య అడిగింది. నాకు గొంతు లేదు, తాళజ్ఞానం లేదు, బుధవారం క్లాసులు లేవు. మూడోదే అసలు కారణం, శేషుకీ ఆ రోజే తీరిక.

శేషు సిద్ధాంతం ఒకటుండేది. ఇంగ్లీషు ర్యాప్‌లో ప్రాస పాదం చివర ఉంటుంది, మనది మొదట రెండో అక్షరంలో ఉంటుంది. ఇంజను ముందున్నా వెనకున్నా రైలు వెళ్తుంది కాబట్టి రెండూ కుదురుతాయి. దీన్ని వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడు. సరుకు మాత్రం మా ఫ్లాటులోదే. ఒకసారి మాడిపోయిన పప్పుని గిన్నెతో సహా తనిఖీ ముందు రోజు వెనక లాన్‌లో పూడ్చిపెట్టాం. దాని మీద కట్టిన పాట ఇలా మొదలయ్యేది:

బియ్యం బస్తా మోసుకొచ్చాం — మరే
నెయ్యి డబ్బా మరిచిపోయాం — మరే
పొయ్యి మీద పప్పు పెట్టాం — మరే
గొయ్యి తవ్వి పాతిపెట్టాం — మరే మరే

గొప్ప కవిత్వమని నేను అనను. కానీ శేషు గొంతులో అది యుద్ధానికి వెళ్ళే ముందు చెప్పే మాటలా ఉండేది. పొట్ట లోపలి నుంచి లాగి, ‘గొయ్యి’ దగ్గర ఒక్క క్షణం ఆపి, జనం ఊపిరి బిగబట్టాక వదిలేవాడు. ఆంటీ మా మెట్ల మీద కూర్చుని వినేది. “శేషూ, నువ్వు బానే ఉన్నావు. వీడి మరే కొంచెం ముందే పడిపోతోంది. అమ్మాయిని చూడ్డానికెళ్ళి కాఫీ రాకముందే ఒప్పేసుకున్నట్టుంది,” అంది. వారం రోజులు నేను ఆలస్యంగా ఒప్పుకోవడం అభ్యాసం చేశాను.

పశ్చిమ శివార్లలో ఒక పబ్బు వెనక హాల్లో శనివారం మధ్యాహ్నాలు ర్యాప్ పోటీ జరిగేది. ఎవరైనా పేరు ఇవ్వొచ్చు. మూడు నిమిషాలు ఇస్తారు, జనం ఊ అంటే వచ్చే నెల మళ్ళీ పిలుస్తారు. శేషు పేరు ఇచ్చి, ముందు రోజు ఇంటికి ఫోన్ చేసి, “నాన్నా, రేపు ప్రోగ్రాం ఉంది, తెలుగులోనే,” అని చెప్పాడు. ఆయన ఎన్నింటికని అడిగారట. తర్వాత, “అయ్యాక ఫోన్ చెయ్యి. ఎంతసేపైనా ఫోను దగ్గర్నుంచి లేవను,” అన్నారట. ఆ ఒక్క మాట లేకపోతే నేను ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆంటీ పొద్దుటి డ్యూటీ దిగి యూనిఫాం‌తోనే వచ్చింది, చర్చి పండగలకి కొన్న హ్యాండీక్యామ్ పట్టుకుని. మైకు దగ్గరున్నాయన ‘ఎంసీ సెష్’ అని ప్రకటించగానే హాలంతా హుషారుగా అరిచింది. మా వాడి కీర్తి అప్పుడే పాకిందనుకున్నాం. అక్కడ సెష్ అంటే నలుగురు కూర్చుని పొద్దుపోయేదాకా తాగే కార్యక్రమమని మాకు తర్వాత తెలిసింది. శేషు మెట్టు ఎక్కేముందు వాళ్ళ నాన్నలాగే వంగి స్టేజీని చేత్తో తాకి కళ్ళకద్దుకోబోయాడు. ముందు రోజు ఒలికిన బీరుకి చెయ్యి అంటుకుపోయి, ఆ భక్తి కొంచెం ఎక్కువసేపు సాగింది.

పాడాడు. నిజంగా బాగా పాడాడు. నా మరేలు వేళకే పడ్డాయి. అయిపోయింది. హాలు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత బారు పక్కనుంచి ఒకడు మొదలుపెట్టాడు. వాడి పక్కవాడు అందుకున్నాడు. కాసేపట్లో హాలు సగం నో మోర్, నో మోర్ అంటోంది. ద్వేషం అనను. సెష్ గురించి పాట వస్తుందనుకుని వచ్చినవాళ్ళకి పప్పు గురించి, అదీ తెలియని భాషలో వచ్చింది; అలాంటప్పుడు నేనైనా అదే అంటాను. శేషు పెద్ద స్పీకరుకి ఆనుకుని నిలబడ్డాడు, చెవుల్లో హోరు. వెనక్కి తిరిగి, “ఏమంటున్నార్రా?” అన్నాడు.

ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతికి బీరు జిడ్డు, తెనాలిలో ఫోను దగ్గర్నుంచి లేవకుండా కూర్చున్న ఒక మనిషి. నాకు రెండు మాటల మధ్య తేడా వినపడింది. నా చెవులు బాగా పనిచేస్తాయి. వీసా మెడికల్‌లో రాసి ఉంది.

“వన్స్ మోర్ అంటున్నారు,” అన్నాను.

వాడు నవ్వాడు. వాడు అలా నవ్వడం అంతకుముందు చూడలేదు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు, అదే పాట, అదే ఆపు. ర్యాప్ పోటీలో పాడిందే మళ్ళీ పాడటం కంటే పెద్ద నేరం లేదని నాకు అప్పటికే తెలుసు. నో మోర్ రెట్టింపయింది, కొంత నవ్వు కూడా కలిసింది. శేషు వెనక్కి తిరిగాడు. “మళ్ళీనా?”

“మళ్ళీనే.”

మూడోసారి మొదలయ్యేసరికి జనానికి పాట అలవాటైపోయింది. తప్పించుకోలేని దేన్నయినా మనిషి నేర్చేసుకుంటాడు. బారు దగ్గర ఫుట్‌బాల్ జెర్సీలో ఉన్న ఒక భారీ మనిషి గ్లాసు ఎత్తి, నాతో సమానంగా, సరైన చోట, “ముర్రే,” అన్నాడు. వాడికి అది మనిషి పేరు. ముర్రే అనేవాడు వాళ్ళ ఊళ్ళో కనీసం పదిమంది ఉంటారు. రెండో పాదానికి ఇరవైమంది, ‘గొయ్యి’ దగ్గరికి హాలంతా. శేషు అక్కడ ఆపితే వాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. అయ్యాక ఎవరూ నో మోర్ అనలేదు. వచ్చే నెల ఆ ముర్రే కుర్రాణ్ణి మళ్ళీ తీసుకురమ్మని మైకాయన నాతో చెప్పాడు. బయట సాసేజీ ఇచ్చిన పెద్దావిడ ముర్రేకి చివరికి ఏమయిందని అడిగింది. పాతిపెట్టామని చెప్పాను. పాపం అంది.

ఆంటీ మమ్మల్ని కారులో ఇంటికి తీసుకొచ్చింది. మెట్ల దగ్గర నన్ను ఆపి, “నీకు చెవిలో గుమిలి ఉందేమో, ఓసారి వార్డుకి రా, చూస్తాను,” అంది. నేను తల దించుకున్నాను. “వద్దులే. అది ఉండనీ,” అని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత టేపు అడిగినప్పుడల్లా పాడైపోయింది.

ఆ సాయంత్రం ఫోనులో శేషు చెప్పింది పక్కనే కూర్చుని విన్నాను. “రెండుసార్లు నాన్నా. రెండుసార్లు వన్స్ మోర్.” అటునుంచి ఏదో ప్రశ్న. “తెలుగులోనే. అందరూ దొరలే.” మళ్ళీ ప్రశ్న. “ఆపాను నాన్నా, గొయ్యి దగ్గర ఆపాను.” తర్వాత శేషు రిసీవరు నా చెవి దగ్గర పెట్టాడు. అటువైపు హార్మోనియం వినపడుతోంది. గుడ్డ తీశారన్నమాట. ఆయన ఆ సంగతి తెనాలిలో తనకి తెలిసినవాళ్ళందరికీ, తెలియనివాళ్ళలో చాలామందికీ చెప్పారట. ఆ ఏడాది ఒక చిన్న నాటక సమాజం వాళ్ళు, ఇంత చెప్తున్నాడు కదా అని, ఆయనకి ఒక పడిపోయే వేషం కూడా ఇచ్చారు.

శేషు కళాజీవితం ఆ తర్వాత ఎనిమిది తొమ్మిదేళ్ళు నడిచింది. శివారు పబ్బుల్లో ముర్రే పేరుతో, తెలుగువాళ్ళ ఉగాది సభల్లో సొంత పేరుతో, పిల్లల కూచిపూడికీ లక్కీ డ్రాకీ మధ్య ఇచ్చిన ఆరు నిమిషాల్లో పాడాడు. “బాబూ, ఇంతకీ నువ్వు పాడుతున్నావా, తిడుతున్నావా?” అని ఒక అంకుల్ నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. ఒక సీడీ చేశాం. కావాల్సినవాళ్ళు మా గరాజ్‌కి రావచ్చు. నాకు పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చి, సూపర్‌యాన్యుయేషన్ అనే పెన్షన్ల కంపెనీలో ఉద్యోగం వచ్చి, వంత మానేశాను. మానేశానని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు మీటింగుల్లో మా డైరెక్టర్ మాట్లాడుతుంటే ప్రతి వాక్యం చివరా ‘ఆబ్సల్యూట్లీ’ అంటున్నది నేనే. జీతం మెరుగు, పాట అంత బాగుండదు. శేషు బస్సు నడుపుతున్నాడు. డిపోలో వాడి బ్యాడ్జి మీద ముర్రే అనే ఉంటుంది. ద పాండ్స్‌లో ఇప్పుడు సందుకో తెలుగు ర్యాపరు ఉన్నాడు. మా అబ్బాయి స్నేహితుడొకడు పడగ్గదిలో తలుపేసుకుని రికార్డు చేస్తాడు. తప్పు పోతే యంత్రం దిద్దుతుంది, వంత కావాలంటే వాడి గొంతునే నాలుగుగా చేసి ఇస్తుంది. వద్దని ఎవరైనా అంటే అది కింద కామెంట్లలో అచ్చయి ఉంటుంది, ఎన్నాళ్ళయినా పోదు, పక్కవాడు మార్చి చెప్పడానికి వీలుండదు. పద్ధతిగానే ఉంది. మాకైతే ఆ పద్ధతిలో మొదటి శనివారమే అయిపోయేది.

ఆదివారం నిత్య కంటే అరగంట ముందే వెళ్ళాను, చెప్పేద్దామని. శేషు ఇప్పటికీ వెస్ట్‌మీడ్‌లోనే, పాత ఫ్లాటుకి రెండు సందుల అవతల అద్దెకుంటాడు. హనుమంతరావుగారు పోయాక వాళ్ళమ్మగారిని తెచ్చుకున్నాడు. ఆవిణ్ణి నేను పిన్నిగారు అంటాను. ఆవిడ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది.

“ఒరేయ్, నీతో ఒకటి చెప్పాలి,” అన్నాను.

“చెప్పు.”

“ఆ రోజు పబ్బులో...”

“ఆఁ.”

“బాగా పాడావురా.”

“ఇరవై ఏళ్ళకి చెప్పావు,” అన్నాడు శేషు. “ఇంత తొందరేముంది?”

నిత్య వచ్చింది. మైకు పెట్టింది. ఆంటీ బొటనవేలు, దాని పక్కన స్టేజీ. శేషు ముందుకి వంగి, “అబ్బ, జుట్టు చూడమ్మా, అచ్చం నాన్నదే,” అన్నాడు. పాట అయింది. నిశ్శబ్దం వచ్చింది. తర్వాత ఆ అరుపులు. ఇంట్లో పెద్ద స్పీకరు లేదు, హోరు లేదు. ప్రతి అక్షరం విడిగా వినపడింది. శేషు వెనక్కి పెట్టమన్నాడు. మళ్ళీ విన్నాడు. నా వైపు తిరక్కుండానే అడిగాడు.

“ఏమంటున్నార్రా?”

“నో మోర్ అంటున్నారు.”

“అప్పుడు?”

“అప్పుడూ అదే అన్నారు.”

వాడు కాసేపు లాప్‌టాప్ మూత అంచుని గోటితో గీకాడు. “నాన్నకి ఫోన్ చేసినప్పుడు పక్కనే ఉన్నావు.”

“ఉన్నాను.”

“నాన్న పోయినప్పుడు నాతో తెనాలి వచ్చావు.”

“వచ్చాను.”

“సంతాపసభలో నాతో మైకులో ఆ సంగతే చెప్పించారు. ఊరంతా చప్పట్లు కొట్టారు.”

“నేనూ కొట్టాను,” అన్నాను. అబద్ధం చెప్పే అవకాశాలు అప్పటికి అయిపోయాయి.

పిన్నిగారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. “ఏమిట్రా అంటున్నారు వాళ్ళు?”

“వద్దంటున్నారమ్మా. దిగిపొమ్మంటున్నారు. వన్స్ మోర్ కాదు. వీడు నాతో అబద్ధం చెప్పాడు, నేను నాన్నతో చెప్పాను.”

“ఎన్నిసార్లు అన్నారు దిగమని?”

“రెండుసార్లు.”

“మూడోసారి?”

“అనలేదు. మూడోసారి నాతోపాటు పాడారు.”

ఆవిడ చీర మీద పడ్డ ఈనెలు దులుపుకుంది. “మీ నాన్నని రేపల్లెలో మూడోసారి కూడా అన్నారు,” అంది. “దిగవయ్యా, దిగవయ్యా అని ఒకటే గోల. నాలుగోసారి ఎత్తుకోబోతుంటే తెర దించేశారు. ఆయన తెర వెనకాల పాడారు.”

“నాన్న నాకెప్పుడూ చెప్పలేదే.”

“దిగమన్న సంగతి ఇంటికొచ్చి ఎవరు చెప్తార్రా? నేను ముందు వరసలో కూర్చున్నాను కాబట్టి తెలిసింది.”

“మరి నువ్వేమన్నావు నాన్నతో?”

“ఇవాళ గొంతు బాగా పలికిందండీ అన్నాను. పలికింది కూడా.” ఆవిడ పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. “వీణ్ణేమీ అనకు. కూర పడేస్తాను, మీరిద్దరూ తినే వెళ్ళండి.”

నిత్యకి ఎంతవరకు అర్థమయిందో తెలియదు గానీ కళ్ళు తుడుచుకుంటోంది. “అంకుల్, ఐ కెన్ కట్ దిస్,” అంది మెల్లగా. “టేపు పాడైపోయిందని చెప్పేస్తాను. నిజంగా.”

ఆసుపత్రి వైపు నుంచి ఒక అంబులెన్సు వెళ్ళింది. సైరన్ వేయలేదు, తొందర లేనట్టుంది. శేషు కుర్చీ దగ్గరికి లాక్కుని, మైకుని తన ఎత్తుకి సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. బస్సు డ్రైవరు గొంతు కాదు, పాతదే.

“కట్ చెయ్యకమ్మా. రాసుకో. నా పేరు శేషగిరిరావు. ఈ ఊళ్ళో తెలుగులో ర్యాప్ పాడితే రెండుసార్లు దిగమన్నారు. నేను దిగలేదు. ధైర్యం అనుకునేరు, కాదు. నాకెవరూ చెప్పలేదు.”